ఆయన గురక సంగతి షుగర్ డాక్టరుకు చెప్పారా?

తిరుపతి నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు, వీధి వేయవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది. అందులోని ముఖ్యమైన సంగతులు ఇక్కడ ఇస్తున్నాను.

ఆవిడకు 47 ఏళ్లు, భర్తకు 52. ఆయన ట్రావెల్స్ బండి డ్రైవరు. స్టేషన్ దగ్గర యాత్రికులను ఎక్కించుకుని కొండకు తీసుకెళ్లడం, దర్శనమయ్యాక దించడం, మధ్యలో కాణిపాకం, శ్రీకాళహస్తి ట్రిప్పులు. బండి ఓనరుది. తొమ్మిదేళ్లుగా షుగర్, ఆరేళ్లుగా బీపీ. ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, బరువు 86 కిలోలు. ఏడాదిలో మూడుసార్లు మాత్రలు పెంచినా మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 9 శాతం దగ్గరే ఉంది. పరగడుపున చూస్తే 190, 200. "రాత్రి సంగటి తగ్గించి రెండు పుల్కాలు పెడుతున్నా. అయినా పొద్దున్నే ఇంత ఎందుకు ఉంటుందో అర్థం కావట్లేదు. దొంగచాటుగా ఏదైనా తింటున్నావా అని డాక్టరు తనను అడుగుతున్నాడని ఆయనకు కోపం" అని రాశారు.

అసలు భయం తర్వాతి పేజీలో ఉంది. "పడుకున్న పది నిమిషాలకే గురక. దానికైతే అలవాటు పడిపోయాను. నాకు భయం గురక ఆగినప్పుడు. ఉన్నట్టుండి ఆగిపోతుంది. పొట్ట, ఛాతీ ఎగురుతూనే ఉంటాయి, ముక్కు దగ్గర చెయ్యి పెడితే ఊపిరి తగలదు. వేళ్ల మీద లెక్కపెడతా. ఒక్కోసారి ఇరవై దాటుతుంది. అప్పుడు గొర్రుమని పెద్దగా ఊపిరి ఎగబీల్చి మళ్లీ గురక మొదలుపెడతారు. పొద్దున అడిగితే ఏమీ గుర్తుండదు. రాత్రి మూడు నాలుగుసార్లు బాత్రూముకు లేస్తారు. లేవగానే తలనొప్పి. పగలు కుర్చీలో కూర్చుంటే చాలు, కన్ను మూతపడుతుంది. మా అత్తగారేమో ఒళ్లు మరిచి నిద్రపోతున్నాడు, మంచిదే కదా అంటారు. ఆయన్ని అడిగితే, పొద్దంతా స్టీరింగ్ తిప్పినోడికి గురక రాక పాటలొస్తాయా అంటారు."

నెల కింద కొండ దిగేటప్పుడు ఆయనకు కునుకు పట్టిందట. పక్క సీట్లోని యాత్రికుడు భుజం పట్టుకుని కుదిపితే తేరుకుని బ్రేకు వేశారు. ఈ సంగతి ఆయన చెప్పలేదు, తోటి డ్రైవరు భార్య ద్వారా తెలిసింది. నిద్ర పరీక్ష ఉంటుందని ఆ డ్రైవరే చెప్పారు. ఆయన మాత్రం, పరీక్ష చేయించుకుంటే డ్రైవింగుకు పనికిరావని రాసేస్తారు, ఓనరు తాళాలు తీసుకుంటాడు, పిల్ల పెళ్లి ఎలా చేస్తాం అని కొట్టిపారేశారు. ఆవిడ అడిగినవి మూడు: గురకకూ షుగరుకూ సంబంధం ఉందా? ఆయన్ను పరీక్షకు ఎలా ఒప్పించాలి? ఒప్పుకోకపోతే ఓనరుకు నేనే చెప్పేయాలా? చివర్లో ఇంకో వాక్యం ఉంది: "నాకూ నాలుగేళ్లుగా షుగర్. ఎప్పుడూ నీరసమే. ఆయన నిద్ర చూసుకుంటూ నాకు నిద్ర లేకనే అనుకుంటున్నా."

* * *

అమ్మా, మీరు రాసిన దాంట్లో అన్నిటికన్నా విలువైనది మీరు వేళ్ల మీద పెట్టిన ఆ లెక్క. ఆయన షుగర్ చూస్తున్న డాక్టరుకు ఇది ఇంతవరకూ చేరినట్టు లేదు. ముందుగా అది చేరాలి.

నిద్రలో ఊపిరి పది సెకన్లు, అంతకు మించి ఆగితే దాన్ని అప్నియా అంటారు. ఇది గంటకు ఐదుసార్లకు పైగా జరుగుతుంటే, దానితోపాటు పగటి మత్తో, బీపీయో ఉంటే, అది స్లీప్ అప్నియా అనే జబ్బు. నిద్రపట్టగానే గొంతు కండరాలు వదులవుతాయి. మెడ దగ్గర కొవ్వు ఉన్నవాళ్లకూ, దవడ చిన్నగా ఉన్నవాళ్లకూ ఊపిరి పీల్చేకొద్దీ గొంతు మూసుకుపోతుంది. నానిపోయిన కాగితం స్ట్రాతో కొబ్బరిబోండాం తాగితే ఎంత పీల్చినా స్ట్రా అతుక్కుపోతుంది చూడండి, అలా. ఛాతీ ఎగురుతున్నా ఊపిరి తగలదని మీరు రాసింది సరిగ్గా ఇదే. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి ఒక్క క్షణం మనిషిని లేపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, మళ్లీ నిద్ర. ఆ లేవడం ఎంత చిన్నదంటే పొద్దున్నకు జ్ఞాపకం ఉండదు. అందుకే ఆయన మీ మాట నమ్మరు. ఆయన అబద్ధం చెప్పడం లేదు.

ఇక షుగర్. ఊపిరి ఆగిన ప్రతిసారీ ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు ఎగుస్తాయి. ఆపద వచ్చిందనుకుని లివరు గ్లూకోజ్ వదులుతుంది. ఇన్సులిన్ ఉన్నా పని సరిగా చేయదు. రాత్రంతా ఇదే జరిగితే పరగడుపు షుగర్ ఎక్కువగా ఉండటం వింతేమీ కాదు. మీరు పుల్కాలు పెట్టినా తగ్గట్లేదంటే ఆయన దొంగచాటుగా తింటున్నట్టేనని అనుకోవాల్సిన పని లేదు, ఆ మాట ఆయనకు నా తరఫున చెప్పండి. బీపీ మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగకపోవడానికి కూడా అప్నియా ఒక పెద్ద కారణం.

టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో స్లీప్ అప్నియా చాలా ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లను దీని గురించి అడగాలని, అనుమానం ఉంటే పరీక్ష చేయాలని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2008లోనే చెప్పింది. ఇన్నేళ్లయినా షుగర్ ఓపీలో కళ్లు, కిడ్నీలు, పాదాలు అడుగుతారు గానీ నిద్ర అడగడం తక్కువ. అడిగినా "నిద్ర పడుతుందా" అని అడుగుతారు. మీ ఆయన "బ్రహ్మాండంగా పడుతుంది" అంటారు. అక్కడితో ఆ మాట ముగిసిపోతుంది. పక్కన పడుకునేవాళ్లను అడగాలి. అందుకే ఈసారి డాక్టరు దగ్గరికి ఆయన్ను ఒక్కరినే పంపకండి.

అనుమానం ఎంత గట్టిదో తేల్చడానికి స్టాప్-బ్యాంగ్ అనే ఎనిమిది ప్రశ్నల పట్టిక ఉంది. మీ ఉత్తరంతోనే దాన్ని దాదాపు పూర్తి చేయవచ్చు. గట్టి గురక, పగటి మత్తు, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, వయసు 50 దాటడం, మగవారు కావడం: ఆరూ ఉన్నాయి. ఏడోది మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం. టైలరు టేపుతో గొంతుముడి దగ్గర కొలవండి. ఆయన రెడీమేడ్ ఫుల్ షర్టులు వేసుకుంటే పట్టీ మీద 40, 42 అని ఉండే అంకె చాలా కంపెనీల్లో మెడ కొలతే, సెంటీమీటర్లలో. ఎనిమిదోది బరువు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అంటే బీఎంఐ, 35 దాటాలంటారు. ఆయనది 30కి దగ్గర, కాబట్టి అది రాదు. అయితే మనవాళ్లలో అంత లావు లేకుండానే ఈ జబ్బు వస్తుంది, ఆ ఒక్కటి చూసి ఊరట పడకండి. ఐదు వచ్చినా ప్రమాదం ఎక్కువ అంటారు, ఆయనకు మెడ కొలవకముందే ఆరు. ఇది జబ్బు ఉందని తేల్చే పట్టిక కాదు, పరీక్ష ఎవరికి తప్పనిసరో చెప్పే పట్టిక. నా మాటేమిటంటే, ఆయన విషయంలో పరీక్ష అవసరమా అన్న చర్చ దాటిపోయింది.

కానీ అన్నీ దీని ఖాతాలోనే వేయకూడదు. రాత్రి బాత్రూముకు లేవడం అప్నియా వల్ల కావచ్చు, షుగర్ 200 ఉన్నందువల్ల కావచ్చు, ఆ వయసులో ప్రోస్టేట్ వల్లా కావచ్చు. పొద్దున తలనొప్పి, రాత్రి చెమటలు షుగర్ పడిపోయినా వస్తాయి. ఆయన వేసుకునే మాత్రల్లో గ్లిమెపిరైడ్ (షుగర్‌ను ఒక్కోసారి మరీ దించేసే మాత్ర) ఉందేమో చూడండి. ఉంటే రెండు మూడు రాత్రులు, రెండు మూడు గంటల మధ్య ఆయన బాత్రూముకు లేచినప్పుడే గ్లూకోమీటరుతో ఒకసారి చూసి రాసిపెట్టండి. 70 కన్నా తక్కువ వస్తే వెంటనే చక్కెర నీళ్లో గ్లూకోజో ఇచ్చి, మర్నాడే డాక్టరుకు చెప్పాలి, మాత్రలు మార్చాల్సి ఉంటుంది. థైరాయిడ్ తక్కువైనా మత్తు, గురక రెండూ వస్తాయి, ఆ రక్తపరీక్ష చేయించి ఉండకపోతే చేయించండి. ఇంకొకటి, మీరు రాయలేదు గానీ డ్రైవర్ల బతుకు తెలిసినవాళ్లకు తెలుసు: రాత్రి పదకొండుకు ఇల్లు చేరి, తెల్లవారకముందే అలిపిరి గేటు దగ్గర ఉండాలంటే ఉన్న నిద్రే నాలుగైదు గంటలు. ఆ కొద్ది నిద్ర కూడా ముక్కలైతే మనిషి ఏమవుతాడు? పరీక్ష ఏం చెప్పినా ఈ నిద్ర చాలని సంగతి విడిగా మిగిలే ఉంటుంది.

పరీక్ష అంటే భయపడేంత లేదు. రెండు రకాలు. ఒకటి, ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి తలకు, ఛాతీకి, వేలికి తీగలు అంటించి నిద్రంతా రికార్డు చేసేది. రెండోది, చిన్న యంత్రం ఇంటికి ఇచ్చి, వేలికి క్లిప్పు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి బెల్టు పెట్టుకుని పడుకోమనేది. ఆయనలా అనుమానం బలంగా ఉండి, గుండె, ఊపిరితిత్తుల జబ్బులేవీ లేనివాళ్లకు ఇంటి పరీక్ష సరిపోతుంది. ఆసుపత్రిలో పడుకోను, డ్యూటీ పోతుంది అనే మనిషికి ఇది సులువు. దీని లోటు ఒకటుంది: కొన్నిసార్లు జబ్బును తక్కువ చేసి చూపిస్తుంది. ఇంటి పరీక్షలో ఏమీ లేదని వస్తే "చూశావా" అని ఆయన అంటారు, మీరు అక్కడ ఆగిపోకుండా ఆసుపత్రి పరీక్ష అడగాలి. చూడాల్సింది ఊపిరితిత్తుల డాక్టరు లేదా ఈఎన్‌టీ. రుయాలోనో స్విమ్స్‌లోనో ఓపీలో అడిగితే స్లీప్ స్టడీ ఎక్కడ, ఎప్పుడు చేస్తారో చెబుతారు. వెల్లూరు సీఎంసీ కూడా మీకు దూరం కాదు. ఖర్చు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, ఎన్టీఆర్ వైద్య సేవకో (మునుపటి ఆరోగ్యశ్రీ) ఇన్సూరెన్సుకో వస్తుందా అన్నది ముందే కౌంటర్లో కనుక్కోండి.

ఇప్పుడు ఆయన్ను ఒప్పించడం. మీరు చెప్పినకొద్దీ ఆయన మొండికేస్తున్నారు, ఎందుకంటే ఆయనకు వినపడుతున్నది "ఊపిరి ఆగుతోంది" అని కాదు, "ఉద్యోగం పోతుంది" అని. ఆ భయాన్ని కొట్టిపారేయకండి. అద్దె ఇంట్లో ఉండి, కూతురి పెళ్లి పెట్టుకుని, పరాయి బండి నడిపే మనిషికి అది నిజమైన భయం. అయితే కొన్ని సంగతులు ఆయనకు తెలియవు. రిపోర్టు ఆయన చేతికే వస్తుంది, ఆసుపత్రి వాళ్లు ఓనరుకు పంపరు. ఈ జబ్బుకు వైద్యం ఉంది, వైద్యం కుదిరి మత్తు పోయాక మళ్లీ హాయిగా బండి నడిపేవాళ్లు ఎందరో ఉన్నారు. పరీక్ష వల్ల తాళాలు పోవచ్చేమో, కునుకు వల్ల మాత్రం కచ్చితంగా పోతాయి, బండితో పాటు మనుషులూ పోవచ్చు.

ఈ రాత్రే ఫోన్ పెట్టి వీడియో తీయండి. ముఖం, ఛాతీ రెండూ కనపడేలా, బెడ్ లైటు వెలుగులో, గురక ఆగి మళ్లీ వచ్చేదాకా. అది వెంటనే నలుగురికీ చూపించకండి. అత్తగారి ముందు, పిల్లల ముందు చూపిస్తే అవమానంగా తీసుకుంటారు. డ్యూటీ లేని రోజు, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు, ఏమీ మాట్లాడకుండా ఫోన్ చేతికివ్వండి. తన ఊపిరి తనకే ఆగిపోవడం చూసిన మనిషి మామూలుగా వాదించడు. ఆ తర్వాత తోటి డ్రైవరు చేత మాట్లాడించండి. మీరు చెబితే భార్య భయం, ఆయన చెబితే స్టీరింగ్ పట్టుకునేవాడి మాట. డాక్టరుకు కూడా అదే వీడియో చూపించండి, నూరు మాటలు మిగులుతాయి. ఇంకో పట్టిక ఉంది, ఎప్‌వర్త్ అంటారు: టీవీ చూస్తుంటే, భోజనం చేసి ఊరికే కూర్చుంటే, ట్రాఫిక్కులో బండి ఆగితే, ఇలాంటి ఎనిమిది సందర్భాల్లో కునుకు వచ్చే అవకాశం ఎంత అని సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకోవాలి. పది దాటితే మత్తు ఎక్కువని అర్థం. డ్రైవర్లు ఉద్యోగ భయంతో తక్కువ వేసుకుంటారు. కాబట్టి ఆయన ఒకటి, మీరొకటి విడివిడిగా నింపి రెండూ తీసుకెళ్లండి.

ఓనరుకు చెప్పాలా అని అడిగారు. మూడు దారులున్నాయి, మూడింటికీ మూల్యం ఉంది. ఏమీ చెప్పకుండా పరీక్ష చేయించి వైద్యం మొదలుపెట్టడం ఒకటి. ఉద్యోగానికి ఇబ్బంది రాదు, కానీ పరీక్షకు తేదీ దొరికి, వైద్యం కుదురుకునేదాకా వారాలు పడుతుంది, అన్నాళ్లూ ఆయన కొండ ఎక్కి దిగుతూనే ఉంటారు. రెండోది, ఆయనే ఓనరును అడగడం: షుగర్ ఎక్కువగా ఉంది, విశ్రాంతి కావాలి, నెల రోజులు తెల్లవారుజాము ట్రిప్పులు, ఘాట్ ట్రిప్పులు వేరేవాళ్లకు ఇవ్వండి అని. అందులో అబద్ధం లేదు. సంపాదన కొంత తగ్గుతుంది, అది మీరిద్దరూ కూర్చుని లెక్క చూసుకోవాలి. మూడోది, ఆయనకు తెలియకుండా మీరు చెప్పడం. అది తెలిసిన రోజు మీ మీద నమ్మకం పోతుంది, ఇక పరీక్ష మాట ఎత్తలేరు. నేను రెండో దారి వైపే మొగ్గుతాను. కానీ ఒక మాట దాచను. ఆయన దిగేది 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు, మలుపు మీద మలుపు. అక్కడ ఒకసారి కునుకు పట్టిందంటే అది హెచ్చరిక కాదు, జరగబోయి తప్పిన ప్రమాదం. ఈ కునుకు ఆగే వరకూ ఆయన యాత్రికులను ఎక్కించుకుని ఘాట్ ఎక్కకూడదు, దిగకూడదు. పరీక్షకూ రాను, ట్రిప్పులూ మానను అని ఆయన మొండికేసి, మళ్లీ కునుకు పట్టిందని తెలిస్తే, అప్పుడు మూడో దారి కూడా తప్పు కాదు. వెనక సీట్లలో పిల్లలతో వచ్చినవాళ్లు ఉంటారు, వాళ్లకు ఈ సంగతేమీ తెలియదు. అప్పుడు కూడా ముందు ఆయనతో "నేను చెప్పబోతున్నాను" అని చెప్పి, ఆ తర్వాతే ఓనరుకు చెప్పండి.

జబ్బు తేలితే వైద్యం గురించి ముందే తెలుసుకుని ఉండండి. ఓ మోస్తరు, తీవ్రమైన అప్నియాకు ముఖ్యమైన వైద్యం సీపాప్ మెషిన్. మూతికి మాస్కు పెట్టుకుని పడుకోవడం అనగానే ఐసీయూ గుర్తొస్తుంది. అది ఆక్సిజన్ కాదు. గదిలో గాలినే కొంచెం ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా నిలబెడుతుంది. మొదటి రెండు వారాలు విసుగే, చాలామంది అక్కడే వదిలేస్తారు. రాత్రి కాకుండా ముందు సాయంత్రం టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకుంటే నయం. మాస్కు సైజు సరిపోకపోతే మార్పించుకోవాలి గానీ మెషిన్ మూల పెట్టకూడదు. కరెంటు పోతే ఊపిరాడదేమోనన్న భయం అక్కర్లేదు, మాస్కుకు గాలి వెళ్లే రంధ్రాలుంటాయి, మెలకువ వస్తే తీసేయవచ్చు. ధర 30, 40 వేల నుంచి మొదలవుతుంది, అద్దెకూ ఇస్తారు. కొనేముందు నెల రోజులు అద్దెకు తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇక్కడ ఆశ పెంచి చెప్పడం నాకిష్టం లేదు. మెషిన్ పెట్టుకున్న అందరికీ మూడు నెలల షుగర్ దిగుతుందని పరిశోధనలు గట్టిగా చెప్పలేదు. కొన్నింటిలో కొద్దిగా తగ్గింది, కొన్నింటిలో తేడా లేదు, రాత్రంతా వాడినవాళ్లలోనే ఫలితం ఎక్కువ కనిపించింది. పగటి మత్తు పోవడం మాత్రం నిజం, గురక పోవడం నిజం, బీపీ కొంత దిగుతుంది. కాబట్టి మెషిన్ వచ్చిందని షుగర్ మాత్రలు ఆపకూడదు.

బరువు తగ్గడం కూడా వైద్యమే. ఆయన 86 కిలోల్లో ఎనిమిది, తొమ్మిది తగ్గితే అప్నియా, షుగర్ రెండూ తేలికపడతాయి. కానీ దానికి నెలలు పడుతుంది, ఘాట్ రోడ్డు అన్ని నెలలు ఆగదు. కాబట్టి బరువు తగ్గాక పరీక్ష చూద్దాం అనే బేరానికి ఒప్పుకోకండి. ఈ మధ్య వచ్చిన టిర్జెపటైడ్ అనే వారం వారం ఇంజెక్షన్‌ను ఊబకాయంతో వచ్చే అప్నియాకు అమెరికాలో 2024 డిసెంబరులో అనుమతించారు, మన దేశంలోకి 2025లో వచ్చింది. ఖర్చెక్కువ, ఆయనకు పనికొస్తుందా లేదా అన్నది డాక్టరే చెప్పాలి. మందు తాగే అలవాటుంటే రాత్రి పూట పూర్తిగా మానాలి, గొంతు కండరాలు ఇంకా వదులవుతాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలూ అంతే. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకునేలా వీపు వెనక దిండు పెట్టండి, ఈ రాత్రి నుంచే చేయగలిగింది అది.

ఇక మీ సంగతి. ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో సరిపెట్టేశారు. మీకూ షుగర్ ఉంది, ఎప్పుడూ నీరసం అన్నారు. కారణం నిద్ర లేకపోవడమే కావచ్చు. కానీ ఆడవాళ్లలో స్లీప్ అప్నియా మగవాళ్లలోలా గొర్రుమని కనపడదు. నీరసం, పొద్దున తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, చిరాకు, దిగులు, ఇలా కనిపిస్తుంది, నెలసరి ఆగే వయసులో పెరుగుతుంది. డాక్టరు దగ్గరికెళ్తే బలానికి మాత్రలు రాసి పంపేస్తారు. ఆయన నిద్రకు మీరు సాక్షి. మీ నిద్రకు ఎవరున్నారు? మీరు పడుకున్నాక ఆయన గురకలో మీ గురక వినపడదు. ఒక రెండు రాత్రులు మీ అమ్మాయి దగ్గర పడుకుని, ఆమెను గమనించమని చెప్పండి. రక్తం తక్కువుందా, థైరాయిడ్ ఎలా ఉంది అన్నవి కూడా చూపించుకోండి. ఓపీకి వెళ్లే రోజు రెండు చీట్లు తీయండి, ఒకటి ఆయనకు, ఒకటి మీకు.

రిపోర్టు వచ్చాక అందులో ఏహెచ్ఐ అనే అంకె చూడండి. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, లేదా సన్నగిల్లింది అన్న లెక్క అది. ఐదు లోపు మామూలు, 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 ఓ మోస్తరు, 30 దాటితే తీవ్రం. దాని కిందే ఆక్సిజన్ ఎంతదాకా పడిందో కూడా ఉంటుంది. ఆ రెండు అంకెలు, రాత్రి మూడు గంటల షుగర్ చీటీ, ఆయన వేసుకునే మాత్రల పేర్లు నాకు రాసి పంపండి. సీపాప్ తీసుకోవాలా, ఇంకేదైనా దారి ఉందా అన్నది అప్పుడు వివరంగా రాస్తాను.